వెండి కత్తికి వంద నాణేలు పెట్టొచ్చా? స్పెషల్ మెటీరియల్ ఆయుధాల రూల్స్ మీద నా రివ్యూ

ఆ ఆదివారం మా ఆటలో పార్టీ (ప్లేయర్ల పాత్రల జట్టు) నలుగురు ఉన్నారు, వెండి పూత ఉన్న బాకు ఒక్కటే ఉంది, ఎదురుగా వేర్‌వుల్ఫ్ ఉంది. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు పాత్రలై డైస్ వేసి ఆడేది, ఐదో ఎడిషన్, 2014 రూల్స్, అందరూ మూడో లెవెల్. ఆ తోడేలు మనిషికి 58 హిట్ పాయింట్లే (ప్రాణం లెక్క), ఆర్మర్ క్లాస్ 11, తోడేలు రూపంలో 12, అంటే దెబ్బ తగలడం చాలా తేలిక, కానీ మాయ గానీ వెండి గానీ లేని ఆయుధంతో ఎన్ని దెబ్బలు కొట్టినా ఒక్క పాయింటు కూడా పోదు. ఫైటర్ ఆడే మా చిన్నాన్న కొడుకు తన గ్రేట్‌సోర్డ్ కింద పడేసి "అక్కా, ఆ బాకు ఇటియ్యి, నేను కొడతా" అన్నాడు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే అమ్మాయి "ఇస్తే నా స్నీక్ ఎటాక్ ఏం కావాలిరా?" అంది. ఇద్దరి మాటా నిజమే. ఫైటర్‌కి ఆ టర్నులో రెండుసార్లు కొట్టే అవకాశం ఉంది, రోగ్‌కి ఒకే దెబ్బలో ఎక్కువ డ్యామేజ్ ఉంది. ఐదు నిమిషాలు వాదించుకున్నారు, ఫైట్ అయ్యేలోపు ఆ బాకు మూడుసార్లు చేతులు మారింది, ఆఖరి దెబ్బ మాత్రం క్లెరిక్ (పూజారి పాత్ర) కొట్టాడు. డీఎంగా (కథ నడిపే డంజన్ మాస్టర్‌గా) ఆరేళ్లలో నేను నడిపిన ఫైట్లలో మొదటి మూడింట్లో అది ఉంటుంది.

ఇంకో మూడు సెషన్ల తర్వాత ఫైటర్‌కి ఒక మాయ కత్తి, ప్లస్ వన్ లాంగ్‌సోర్డ్ దొరికింది. ఆ రోజు నుంచి ఆ బాకు సంచిలోంచి బయటికి రాలేదు.

ఈ రివ్యూ రాయడానికి కారణం అదే. వెండి, అడమంటైన్ (చాలా గట్టి కల్పిత లోహం), కోల్డ్ ఐరన్ లాంటి లోహాల రూల్స్ నేను మూడు గేముల్లో టేబుల్ మీద పెట్టి ఆడించాను, డబ్బు పెట్టి ఒక హోమ్‌బ్రూ (అభిమానులు సొంతంగా రాసిన రూల్స్) పీడీఎఫ్ కూడా కొన్నాను, చివరికి మా రూల్స్ మేమే రాసుకున్నాం. ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది చెబుతాను. నేను చూసేది ఒక్కటే. ఆ లోహం వల్ల కమ్మరి దుకాణం దగ్గర ప్లేయర్లు మాట్లాడుకునే మాటలు మారుతున్నాయా, లేదా. మారితే రూల్ మంచిది. షీటు మీద ఒక అంకె పెరిగి ఊరుకుంటే ఆ రూల్ ఉన్నా లేకపోయినా ఒకటే.

ముందు ఐదో ఎడిషన్. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం ఒక ఆయుధానికి గానీ పది బాణాలకి గానీ వెండి పూత పూయించాలంటే 100 బంగారు నాణేలు. బాకు ధర 2 నాణేలు, బరువు ఒక పౌండు. అదే పుస్తకంలో ఒక పౌండు వెండి ధర 5 నాణేలని ఉంది, అంటే బాకు మొత్తాన్ని వెండితోనే పోతపోసినా 5 నాణేల సరుకే. మిగతా 95 పనితనానికన్నమాట, ఆయుధం బలం తగ్గకుండా వెండి పట్టించే నేర్పుకీ సమయానికీ అని పుస్తకమే చెబుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు, మంచి పనివాడికి ఆ మాత్రం ఇవ్వాల్సిందే. నా అభ్యంతరం వేరే. ఒక పౌండు బాకుకీ 100, ఆరు పౌండ్ల గ్రేట్‌సోర్డ్‌కీ 100 ఏమిటి? ఏది పూయించుకోవాలా అని ఆలోచించే పనే లేకుండా పోయింది, ఎవరి పెద్ద ఆయుధానికి వాళ్లు పూయించేసుకుంటారు. ఆ రోజు మా వాళ్ల దగ్గర బాకు ఒక్కటే ఉండటం కూడా రూల్ గొప్పతనం కాదు, అప్పటికి పార్టీ మొత్తం దగ్గర ఉన్నవి 130 నాణేలే కాబట్టి.

అసలు దెబ్బ మ్యాజిక్ దగ్గర పడింది. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఇలాంటి జీవులన్నిటికీ "మాయ లేని, వెండిది కాని ఆయుధం" అన్న ఒకే వాక్యం ఉంటుంది, కాబట్టి ప్లస్ వన్ కత్తి దొరికిన మరుక్షణం వెండికి విలువ సున్నా. గోలెమ్‌ల (మాయతో కదిలే బొమ్మల) విషయంలో అడమంటైన్‌కీ అదే గతి. రెండో లెవెల్ స్పెల్ మ్యాజిక్ వెపన్ ఒకటి వేస్తే గంటసేపు ఏ కత్తి అయినా సరిపోతుంది. ఇక కోల్డ్ ఐరన్‌కి ఆ పుస్తకాల్లో ఆయుధంగా రూలే లేదు. ఫే జాతి (యక్షిణుల్లాంటి) జీవులకీ ఇనుముకీ ఉన్న పాత వైరం జానపద కథల్లో అంత బలంగా ఉంటే, దాన్ని వాడుకోకుండా వదిలేయడం నాకు నిజంగా బాధనిపించింది.

2024లో వచ్చిన కొత్త డంజన్ మాస్టర్స్ గైడ్‌లో వెండి ఆయుధాన్ని మార్చారు. రూపం మార్చుకున్న జీవి మీద క్రిట్ (డైస్ మీద 20 వచ్చి డ్యామేజ్ డైస్ రెట్టింపయ్యే దెబ్బ) పడితే ఇంకొక డ్యామేజ్ డైస్ వస్తుంది. 2025 మాన్‌స్టర్ మాన్యువల్‌లో వేర్‌వుల్ఫ్‌కి ఆ పాత రక్షణే తీసేశారు. కొత్తగా చేరేవాళ్లకి ఇది సులువు, ఎవరి కత్తితో వాళ్లు కొట్టుకోవచ్చు. నాకు మాత్రం నచ్చలేదు. క్రిట్ పడేది ఇరవైలో ఒకసారి. ఇరవై దెబ్బల్లో ఒకసారి ఒక డైస్ ఎక్కువ వేయడానికి వెండి వెతుక్కుంటూ ఊరంతా తిరిగే పార్టీని నేనింతవరకు చూడలేదు.

అడమంటైన్ సంగతి కొంచెం లోతుగా చెప్పాలి, ఎందుకంటే రెండు ఎడిషన్లు రెండు వైపులా తప్పాయి. 2017లో వచ్చిన జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో మామూలు ధర మీద అదనంగా 500 నాణేలకి అడమంటైన్ ఆయుధం దొరుకుతుంది, అది వస్తువుకి తగిలితే ప్రతి దెబ్బా క్రిట్. చదవగానే అబ్బా అనిపిస్తుంది. ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి. గట్టి చెక్క తలుపు, మధ్యరకం సైజు, డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం సగటున 18 హిట్ పాయింట్లు. మామూలు లాంగ్‌సోర్డ్‌తో ప్లస్ త్రీ బలం ఉన్నవాడు కొడితే సగటున ఏడున్నర, అంటే మూడు దెబ్బలు. అడమంటైన్‌తో సగటున 12, అంటే రెండు దెబ్బలు. ఐదువందల నాణేలు పోసి మిగుల్చుకున్నది తలుపు మీద ఒక్క దెబ్బ!

అదే 2003 నాటి 3.5 ఎడిషన్‌లో చూడండి. అక్కడ వస్తువులకి హార్డ్‌నెస్ ఉంటుంది, కొట్టిన డ్యామేజ్‌లోంచి అది తీసేయాలి. రెండంగుళాల ఇనుప తలుపుకి హార్డ్‌నెస్ 10, హిట్ పాయింట్లు 60. అదే ఏడున్నర సగటు ఉన్నవాడు మామూలు కత్తితో కొడితే గరిష్ఠంగా 11 వస్తుంది, అందులో 10 పోతే ఒకటి, అదీ ఎనిమిది దెబ్బల్లో ఒకసారే, అంటే దాదాపు 48 నిమిషాలు కొడుతూనే ఉండాలి. అడమంటైన్ 20 కంటే తక్కువ హార్డ్‌నెస్‌ని అసలు లెక్కచేయదు. కాబట్టి ఎనిమిది దెబ్బలు, రౌండుకి ఆరు సెకన్ల లెక్కన 48 సెకన్లలో ఇనుప తలుపు నేల మీద ఉంటుంది. నేను రెండు వారాలు కూర్చుని తాళాలూ ట్రాప్‌లూ పెట్టి గీసిన కోటని అడమంటైన్ గొడ్డలి ఉన్న ఒక బార్బేరియన్ గోడలు కొట్టుకుంటూ నేరుగా ఖజానా దాకా వెళ్లిపోయాడు. ఆయుధం ధర మీద అదనంగా 3000 నాణేలు, కాబట్టి తొందరగా చేతికి రాదు, వచ్చాక మాత్రం తాళాలు తీసే రోగ్‌కి పని ఉండదు. ఒక ఎడిషన్‌లో అడమంటైన్ మరీ నీరసం, ఇంకోదాంట్లో మరీ బలం.

అయినా 3.5ని నేను ఇప్పటికీ ప్రేమగా తీసి చదువుతాను. లోహాల గురించి మనసుపెట్టి ఆలోచించినవాళ్లు రాసిన రూల్స్ అవి. వెండి మెత్తటి లోహం కాబట్టి డ్యామేజ్‌లో ఒకటి తగ్గుతుంది. ధర ఆయుధాన్ని బట్టి మారుతుంది, చిన్నదానికి అదనంగా 20, ఒంటిచేతి ఆయుధానికి 90, రెండు చేతుల ఆయుధానికి 180, బాణానికి 2. చూశారా, ఇక్కడ ఎంచుకోవడం ఉంది! కోల్డ్ ఐరన్ భూమి లోతుల్లోంచి తవ్వి తీసి, దాని గుణం చెడకుండా తక్కువ వేడి మీద కొట్టే ఇనుము. ధర మామూలుకి రెట్టింపే, కానీ దానికి మాయ పట్టించాలంటే 2000 నాణేలు అదనం. ఆ ఒక్క ముక్కలో ఆ లోహం స్వభావం మొత్తం ఉంది, మాయకి లొంగని లోహం అని వేరే కథ చెప్పనక్కర్లేదు. పైగా అక్కడ మాయ కత్తి వెండికి బదులు పనికిరాదు, ప్లస్ ఫైవ్ ఉన్నా సరే.

దాని తంటా ఇంకోటి. పెద్ద లెవెల్స్‌కి వచ్చేసరికి పిట్ ఫీండ్ అనే దెయ్యానికి వెండీ కావాలి, మంచితనం ఉన్న ఆయుధమూ అయ్యుండాలి, రెండూ ఒకే కత్తిలో. బేలర్ అనే డెమన్‌కి కోల్డ్ ఐరన్, మంచితనం. ఐరన్ గోలెమ్‌కి అడమంటైన్. ఏది లేకపోయినా ప్రతి దెబ్బలో 15 పోతాయి. దాంతో ఫైటర్లు ఆరేడు కత్తులు మూటగట్టుకుని తిరగడం మొదలైంది, ప్రతి ఫైట్ మొదట్లో "ఇది దేనికి లొంగుతుంది?" అని నాలెడ్జ్ రోల్, తర్వాత సంచిలోంచి సరైన కత్తి తీయడం, అంతే. మొదటి రెండుసార్లు థ్రిల్‌గా ఉంటుంది, పదోసారి లిస్టు చూసి సరుకులు తీసినట్టు ఉంటుంది. 2009లో వచ్చిన మొదటి పాత్‌ఫైండర్ (3.5 మీద కట్టిన ఇంకో ఆట) ఈ మూట బరువు తగ్గించాలని ప్లస్ త్రీ ఆయుధం వెండికీ కోల్డ్ ఐరన్‌కీ సమానం, ప్లస్ ఫోర్ అడమంటైన్‌కి సమానం అని పెట్టింది. మూట తగ్గింది గానీ కొన్నాళ్లకి లోహం సంగతి మళ్లీ అందరూ మర్చిపోయారు.

మూడింట్లో నాకు బాగా నచ్చింది 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్. వాళ్లు ప్రశ్ననే తిరగేశారు. వేర్‌వుల్ఫ్‌ని మామూలు కత్తితోనూ కొట్టొచ్చు, కానీ వెండి తగిలితే ప్రతి దెబ్బకీ 5 ఎక్కువ. డెమన్లకి కోల్డ్ ఐరన్ అంటే అలాంటి బలహీనతే. మాయ కత్తి వెండి లెక్కలోకి రాదు. దీనివల్ల వెండి లేనివాడు చేతులు కట్టుకుని కూర్చోడు, వెండి ఉన్నవాడికి ప్రతి దెబ్బకీ ఆ తేడా చేతికి తెలుస్తుంది, ముఖ్యంగా చిన్న బాకుతో ఎక్కువసార్లు పొడిచేవాళ్లకి ఇంకా లాభం, ఎందుకంటే ఆ 5 దెబ్బ సైజుని బట్టి మారదు. మా రోగ్‌కి ఆ రోజు ఈ రూల్ ఉండి ఉంటే ఎగిరి గంతేసేది.

ఇందులో నచ్చనిది గ్రేడ్‌ల గొడవ. తక్కువరకం వెండి ఆయుధం 40 నాణేలు, దాని మీద బరువుకి ఇంత అని కొద్దిగా, బాగుంది, రెండో లెవెల్‌కే కొనుక్కోవచ్చు. కానీ ఆ తక్కువరకం ఎనిమిదో లెవెల్ దాటిన రూన్‌లని (ఆయుధానికి బలమిచ్చే మాయ గుర్తులని) మోయలేదు, తర్వాత స్టాండర్డ్ గ్రేడ్ కావాలి, దానికి 880, ఆ తర్వాత హై గ్రేడ్, 9000. మొదటి నుంచీ కొడుతూ వచ్చిన కత్తిని ప్లేయర్ ఒక పేరు పెట్టి పెంచుకుంటాడు కదా, దానికే గ్రేడ్ సరిపోలేదని మళ్లీ మళ్లీ డబ్బు పోయమంటే ఎలా?  మా టేబుల్ మీద ఆ గ్రేడ్‌లు తీసేశాం, ఏమీ విరిగిపడలేదు.

ఇక డబ్బు పెట్టి కొన్న పీడీఎఫ్. పేరు చెప్పను, రాసినవాళ్లు కష్టపడే రాసుంటారు. ముప్పైకి పైగా లోహాలు, బొమ్మలు చాలా బాగున్నాయి, ప్రతిదానికీ రెండు పేరాల చరిత్ర. కానీ చదువుతుంటే ఒకటి ప్లస్ వన్ నిప్పు డ్యామేజ్, ఇంకోటి ప్లస్ వన్ చలి డ్యామేజ్, ఇంకోటి ఇనీషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చే రోల్‌కి) ప్లస్ వన్. లోహం పేరు తీసేసి రంగు పేరు పెట్టినా అదే రూల్. దేనికీ ఖరీదు తప్ప నష్టం లేదు. మా వాళ్లకి ఆ పట్టిక ఇచ్చి దుకాణంలో వదిలాను, పది నిమిషాల్లో నలుగురూ ఒకే లోహం కొన్నారు, అన్నిటికంటే ఎక్కువ డ్యామేజ్ ఇచ్చేది. దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. కొనొద్దు అనే చెబుతాను.

అక్కడి నుంచి మా సొంత రూల్స్. ఐదో ఎడిషన్ మీదే కట్టాం. మొదటి పని, మాయనీ లోహాన్నీ విడదీశాం. సరైన లోహం లేకపోతే మాయ కత్తికైనా సగం డ్యామేజే, సున్నా మాత్రం కాదు. రెండో పని, లోహానికి అంకె కాకుండా ఒక పని ఇచ్చాం. వెండి తగిలిన జీవి తన తర్వాతి టర్ను ముగిసేదాకా రూపం మార్చుకోలేదు. కోల్డ్ ఐరన్ తగిలిన ఫే గానీ డెమన్ గానీ అంతసేపూ టెలిపోర్ట్ కాలేదు, కానీ ఆ ఆయుధానికి ఏ స్పెల్ పట్టదు, మ్యాజిక్ వెపన్ వేస్తే జారిపోతుంది. అడమంటైన్ ఆయుధం తలుపుని రెండు దెబ్బల్లో తీసేస్తుంది, ఏ తలుపైనా సరే, కానీ ఆ చప్పుడు రెండు గదుల అవతల వినపడుతుంది. ఇప్పుడు రోగ్‌కి పని ఉంది, బార్బేరియన్‌కీ పని ఉంది, ఎవరిని ముందు పంపాలన్నది వాళ్లే తేల్చుకుంటారు.

నాలుగో లోహం మా ఊరి వైపుది. మాది నిజామాబాద్. కోనసముద్రం మా జిల్లాలోదే, ఒకప్పుడు మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసిన ఊరు, ఆ ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అని రాసుకున్న మాట మన దక్షిణాది ఉక్కు నుంచే వచ్చిందని అంటారు, 1795లోనే లండన్‌లో దాని మీద పరిశోధన అచ్చయింది, తర్వాత మైకేల్ ఫెరడే కూడా దాని మీద పనిచేశాడు. డమాస్కస్ కత్తి అని పేరుపడ్డ నీటి అలల్లాంటి గీతల కత్తి ఈ రకం ఉక్కుతో చేసిందే. ఇందులో నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉండే ఈ ఉక్కుని మామూలు ఇనుములా తెల్లగా కాల్చి సుత్తితో కొడితే ముక్కలైపోతుంది, యూరప్ కమ్మరులు చాలామంది అక్కడే దెబ్బతిన్నారు. తక్కువ వేడి మీద ఓపికగా కొట్టాలి. పుస్తకంలో కోల్డ్ ఐరన్ గురించి కల్పించి రాసిన మాట మా పక్క ఊరి ఉక్కు విషయంలో ఇంచుమించు నిజం! అది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, లేచి కూర్చుని రూల్ రాశాను.

రూల్ చిన్నదే. ఈ ఉక్కుతో చేసిన కత్తితో డ్యామేజ్ డైస్ మీద ఒకటి గానీ రెండు గానీ పడితే ఫైట్‌కి ఒకసారి మళ్లీ వేసుకోవచ్చు. దాన్ని బాగుచేయడానికి ఆ పని తెలిసిన కమ్మరే కావాలి, తెలియని చోట ఇస్తే డీఎం ఒక డి20 (ఇరవై ముఖాల డైస్) వేస్తాడు, 10 లోపు పడితే కత్తి విరుగుతుంది. ఎర్రగా కాలితే గట్టిదనం పోయి మామూలు కత్తి అవుతుంది, మళ్లీ ఆ కమ్మరి దగ్గరికే పోవాలి.

ఈ చివరి వాక్యం ఏం చేస్తుందో నేను ముందు ఊహించలేదు. ఒక బందిపోటు నాయకుడి చేతిలో అలాంటి కత్తి పెట్టాను, ఒర మీద చెక్కిన నెమలి దగ్గర్నుంచి కదులుతున్నట్టు కనిపించే గీతల దాకా వర్ణించాను, నలుగురూ దాన్నే చూస్తున్నారు. ఫైట్‌లో వాడు ఫైటర్‌ని 4 హిట్ పాయింట్లకి తెచ్చాడు. డ్రూయిడ్‌గా కొత్తగా చేరిన కుర్రాడి దగ్గర హీట్ మెటల్ అనే స్పెల్ ఉంది. వేస్తే, తట్టుకునే రోల్ తప్పితే వాడు కత్తి వదిలేయాల్సిందే, ఫైటర్ బతుకుతాడు, కానీ కత్తి ఎర్రగా కాలుతుంది. కుర్రాడు డైస్ చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు, తర్వాత ఫైటర్ వైపు చూశాడు. ఫైటర్ ఆడే మా తమ్ముడు "కత్తి కావాలిరా నాకు, ఒక్క రౌండ్ ఆగు" అన్నాడు. క్లెరిక్ "చస్తావురా, వెయ్యనియ్యి" అన్నాడు. బయట వాన పడుతోంది, కరెంటు పోయి వచ్చింది, ఎవరూ కదల్లేదు. చివరికి కుర్రాడు వేసేశాడు. కత్తి నేల మీద పడి గడ్డి కాలిపోయింది, గీతలన్నీ నల్లబడ్డాయి. ఫైట్ గెలిచాక మా తమ్ముడు ఆ కత్తిని గుడ్డలో చుట్టి వీపుకి కట్టుకున్నాడు. ఆ కమ్మరి ఊరు మ్యాప్‌లో ఎక్కడుందని అడిగాడు. నేను అప్పటికి ఆ ఊరు గీయలేదు, ఆ వారం కూర్చుని గీశాను.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ముందు ఏదీ కొనొద్దు. 3.5 లోహాల రూల్స్ దాని ఎస్ఆర్‌డీలో (ప్రచురణకర్తలు అందరికీ ఇచ్చిన రూల్స్ పత్రంలో) ఉచితంగా ఉన్నాయి, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి, ఐదో ఎడిషన్ ఎస్ఆర్‌డీని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు కాబట్టి దాని మీద మీరు రాసుకున్న రూల్స్‌ని ప్రచురించుకోవచ్చు కూడా. పాత్‌ఫైండర్ బలహీనత లెక్కని తీసుకుని, 3.5 ధరల పట్టిక పక్కన పెట్టుకుంటే ఒక సాయంత్రం పని. అడమంటైన్‌ని మాత్రం మీ కోట మ్యాప్ చేతిలో పెట్టుకుని ఒకసారి ఆడి చూశాకే టేబుల్ మీదికి తేండి.

మా దగ్గర ఇంకా తేలనిది అబ్సిడియన్. అగ్నిపర్వతపు గాజు, ఉక్కు కంటే సన్నని అంచు వస్తుంది, కానీ గట్టి కవచానికి తగిలితే పెళుసుగా విరిగిపోతుంది. ప్లేట్ ఆర్మర్ మీద కొడితే వెంటనే విరగాలి అని నేనంటున్నాను, మూడో దెబ్బకి అని రోగ్ అంటోంది. వచ్చే ఆదివారం రెండు రకాలుగానూ ఆడి చూస్తాం.